పలకని అక్షరం

వాల్‌దెకొర్జా,
అక్టోబరు చివర

చెల్లెమ్మ దొమితీలాకు,

నా కోడిగీతలనూ తప్పులనూ ముందే క్షమించు. కళ్ళజోడుకు ఒక పక్క కాడ విరిగింది. దారంతో కట్టుకున్నాను. రాస్తుంటే జారుతోంది. ఇక ఆ ‘ఆచే’ అక్షరం సంగతి నీకు తెలిసిందే. రాయాలి గాని పలకకూడదు అంటూ మాస్టారు బెత్తం విరిగేలా కొట్టినా నాకు పట్టుబడలేదు. నోటికి లేనిది చేతికి ఎక్కడినుంచి వస్తుంది? నేను వదిలేసిన చోటల్లా నువ్వే పెట్టుకుని చదువుకో. ఫోను చెయ్యమంటావు. ఫోనులో నాకు మాట రాదు.

నీ ఉత్తరం అందింది. కాగితం అటూ ఇటూ నింపావు. సంతోషపడ్డాను. తర్వాత చదివాను. ఒక వైపంతా ఎవారిస్తోనే. మీ వీధిలో మూతపడ్డ చెప్పుల దుకాణం అరుగు మీద అట్టలు పరుచుకుని పడుకునే మనిషి గురించి నాకు ఇంత దూరంలో ఇంత తెలియాల్సిన అవసరం ఏముంది? అతను పావురాలకు పేర్లు పెట్టాడట. ఇక్కడ నా గొర్రెలకు పేర్లున్నాయి. నువ్వు ఎప్పుడైనా అడిగావా?

నీ కిటికీ తెర అతను బాగుచేశాడని రాశావు. ఆ తెర నేను వచ్చి చేస్తానన్నాను. ‘ఎందుకులే అన్నయ్యా, అంత దూరం’ అన్నావు. అతను వీధి దాటితే చాలు, నేను రెండు బస్సులు మారాలి. అది నా తప్పు కాదు.

ఊళ్ళో అందరూ కొండ దిగి పట్నాలకు వెళ్ళిపోయారు. చలికాలానికి మిగిలింది నేనూ, ఎదురింటి కాసిల్దా అక్కా. పొద్దున్నే లేచి ఆవిడ పొగగొట్టం చూస్తాను. ఆవిడ నాది చూస్తుంది. పొగ లేస్తే మనిషి లేచినట్టు. అంతకు మించి మాకు పలకరింపు అక్కర్లేదు. ఆదివారం శనగల పులుసు గిన్నెలో తెస్తుంది. గిన్నె కడిగి ఇస్తాను.

నాన్న గొర్రెతోలు కోటు నీ దగ్గరుంది. పురుగు కొట్టిందన్నావు. కొట్టినా ఫరవాలేదు. ఈసారి చలి ముందే వచ్చింది. పంపు.

అన్న,
సతూరియో


సరగోసా,
నవంబరు

అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత నవ్వినందుకు సిగ్గుపడ్డాను. ఈ వయసులో నీకు అసూయేమిటి? చిన్నప్పుడు అమ్మ నా గిన్నెలో వెల్లుల్లి చారు ఎక్కువ పోసిందని గిన్నెలు పక్కపక్కన పెట్టి చూసేవాడివట. అత్తయ్య చెప్పింది. ఇంకా అలాగే ఉన్నావు.

కోటు సంగతి ఒక్కసారే చెప్పేస్తాను, తిట్టుకో. పురుగు కొట్టలేదు. అబద్ధం చెప్పాను. అందులో నాన్న వాసన ఉండేది, ఇవ్వబుద్ధి కాలేదు. పోయిన చలికాలం మొదటి మంచు పడిన పొద్దున ఎవారిస్తో పెదవులు నల్లబడి ఉండటం చూశాను. పైకి వెళ్ళి బీరువా తీశాను. ఇంకేమీ ఆలోచించలేదు. వేసుకుని చూసుకున్నాడు. ‘దొమితీలా గారూ, దీంట్లో నేను ఊరిపెద్దలా లేనూ? ఇక మీరు నాకు అర్జీ పెట్టుకుని మాట్లాడాలి’ అన్నాడు. ఆ మనిషి మాట అలా ఉంటుంది. కాఫీలో చక్కెర తగ్గితే, ‘ఏమ్మా, పంచదార అయిపోయిందా, నా మీద ప్రేమ అయిపోయిందా?’ అంటాడు.

ఆ కోటే అతని పక్కటెముకలు కాపాడింది అన్నయ్యా. డాక్టరు అలాగే అన్నాడు.

పండగ రోజులు ముగిసిన ఆదివారం పొద్దున, ఎప్పటిలాగే కాఫీ కూజా పట్టుకుని కిందికి దిగాను. తలుపు తీసేసరికి ముగ్గురు కుర్రవాళ్ళు. రాత్రంతా తాగి ఇళ్ళకు పోతున్నారు. ఇద్దరు దూరంగా నిలబడి నవ్వుతున్నారు. మూడోవాడు, తెల్లచొక్కా వాడు, అట్టలను తన్నుతున్నాడు. అట్టల కింద మనిషి. ఎవారిస్తో లేవబోతే దవడ మీద తన్నాడు. మళ్ళీ తన్నాడు. తన్నుకోసారి ఒక మాట, పిల్లలు ఆటలో పాడుకున్నట్టు: ‘సినూమో! సినూమో!’

నేనేం చేశానో నాకే తెలియదు. కూజా వాడి మీదికి విసిరాను. వేడి కాఫీ. కుయ్యోమన్నాడు. నా అరుపుకు రొట్టెల దుకాణం వాళ్ళు పరుగెత్తుకొచ్చి వాణ్ణి పట్టుకున్నారు. ఎవారిస్తో దవడ విరిగింది. తీగలు వేసి కట్టారు. గొట్టంతో తాగుతున్నాడు. అంత మాటకారి ఇప్పుడు పలక మీద సుద్దతో రాసి చూపిస్తున్నాడు.

నిన్న పోలీసులు నా మాటలు రాసుకున్నారు. ‘సినూమో’ అంటే ఏమిటని అడిగారు. తెలియదన్నాను. కానీ అన్నయ్యా, ఆ మాట ఎక్కడో విన్నాను. చాలా చిన్నప్పుడు. ఊళ్ళోనే అనిపిస్తోంది. అత్తయ్య నన్ను ఇక్కడికి తెచ్చుకునేసరికి నాకు ఆరేళ్ళు కూడా లేవు. నీకు గుర్తుండాలి. ఏమిటా మాట?

నీ చెల్లెలు,
దొమితీలా


వాల్‌దెకొర్జా,
నవంబరు

దొమితీలాకు,

నువ్వు కూజా విసిరావని చదివి భయపడ్డాను. నీకు ఏమైనా అయితే ఇక్కడికి ఎవరు చెబుతారు? అలాంటి పనులు చెయ్యకు.

ఆ మనిషికి దెబ్బలు తగలడం మంచిది కాదు. త్వరగా తగ్గాలి.

కోటు సంగతి. నాన్న పోయిన రోజు నేను అడిగాను. నోరు తెరిచి ఏదైనా అడగడం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు. ఒకే ఒక్కటి అడిగాను. వాసన కోసం ఉంచుకున్నానంటే ఒప్పుకునేవాణ్ణి. ఇప్పుడు దాంట్లో ఎవరి వాసన ఉంది?

అతను ఏదీ అడగలేదు, నువ్వు ఇచ్చావు. నేను అడిగాను, అబద్ధం చెప్పావు. దీన్ని ఎటు తిప్పి చూసినా నాకు ఇలాగే కనిపిస్తోంది.

ఆ మాట నాకు తెలియదు. తాగినవాడి నోట ఏదో వచ్చి ఉంటుంది.

గొర్రెలు బాగున్నాయి.

సతూరియో


సరగోసా,
డిసెంబరు

అన్నయ్యకు,

నువ్వు అబద్ధం ఆడటం ఇదే మొదటిసారి కాబట్టి నీకు చేతకాలేదు. తెలియని మాట గురించి నువ్వు ఏమీ రాయవు. ‘తాగినవాడి నోట ఏదో’ అని కారణం కూడా రాశావు. కాబట్టి నీకు తెలుసు.

కోపం తెచ్చుకోకుండా ఇది చదువు. నేను కూడా కొత్తగా నేర్చుకున్న సంగతి. కొన్నేళ్ళ కిందట శిక్షాస్మృతిలో ఒక మాట చేర్చారు. ఒకణ్ణి అతని జాతి చూసి కొట్టినా, మతం చూసి కొట్టినా శిక్ష ఎలా పెరుగుతుందో, పేదవాడని చూసి కొట్టినా అలాగే పెరుగుతుంది. ఇల్లు లేనివాడని, వీధిలో పడుకున్నాడని, అందుకే తన్నితే అది ఉత్త కొట్లాట కాదు. దానికి ఒక పేరు కూడా పెట్టారు: అపొరొఫోబియా. పేదవాణ్ణి చూస్తే పుట్టే అసహ్యం. నాకు నోరు తిరగడానికి రెండు రోజులు పట్టింది. ఎవారిస్తో పలక మీద రాశాడు: ‘ఇన్నాళ్ళూ ఇది నాకు పేరు లేకుండానే తగిలేది.’

అతని తరపున ఒక లాయరమ్మ వచ్చింది. అరాంచా అని పేరు. గట్టి పిల్ల. ఆ పిల్ల ఏమన్నదంటే, ‘అమ్మా, కొట్టాడని చూపించడం తేలిక. ఎందుకు కొట్టాడో చూపించాలి. ఆ ఎందుకన్నది మీరు విన్న ఆ ఒక్క మాటలోనే ఉంది.’ పోలీసులు దాన్ని ఎవారిస్తో మారుపేరు అనుకుని కాగితంలో ‘సినూమో అనే వ్యక్తి’ అని రాసుకున్నారు. కొట్టినవాడి లాయరేమో అది సిగరెట్టు గొడవంటున్నాడు. ఊమో అంటే పొగ కదా, సిగరెట్టు అడిగితే లేదన్నాడు, అందుకని పొగ లేనోడా అని ఎగతాళి చేశాడు, మాటా మాటా పెరిగింది, అంతే, ఇందులో పేదవాడూ లేడు, ద్వేషమూ లేదు అంటున్నాడు. ఎవారిస్తో జన్మలో సిగరెట్టు ముట్టలేదు. కానీ అది ఎవరికి కావాలి?

ఇంకో సంగతి. ఆ కుర్రవాడి పేరు నెస్తోర్. వాడు ఎవరో నీకు తెలుసు. మన ఊరి కాసిల్దా మనవడు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ వాల్‌దెకొర్జాలోనే గడిపేవాడట. మాట అక్కడిదే. అక్కడ ఇప్పుడు ఉన్నది ఇద్దరు. వాళ్ళలో ఒకరు వాడి నాయనమ్మ. రెండో మనిషివి నువ్వు.

ఆ మాటకు అర్థం రాయి. అరాంచా నిన్ను కోర్టుకు రమ్మంటోంది. నేను తోడుంటాను.

దొమితీలా


వాల్‌దెకొర్జా,
జనవరి

దొమితీలాకు,

ఆలస్యమైంది. రాసి చింపాను, మళ్ళీ రాశాను.

నాకు తెలుసు. చెప్పను.

కాసిల్దా అక్క వచ్చింది. ఆదివారం కాదు, మంగళవారం. గిన్నె లేకుండా వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుంది. నిప్పు వైపు చేతులు చాచింది. తర్వాత అంది.

‘ఒరేయ్ సతూరియో, నా మనవడు చెడ్డవాడు కాదురా. తాగాడు. వయసు.’

నేను కట్టె ఎగదోశాను.

‘మీ చెల్లెలు వాణ్ణి జైలుకు పంపేదాకా ఊరుకునేలా లేదు. కొట్టినందుకు ఏ శిక్షైనా పడనీ, కాదనను. కానీ ఆ మాట పట్టుకుని పెద్దది చేస్తున్నారు. అది మనం ముద్దుకు అనుకునే మాటే కదా. నీకు తెలియదూ?’

‘ముద్దుకా?’ అన్నాను.

‘మరి దేనికిరా?’ అంది. నా ముఖంలోకి చూసి అడిగింది. నిజంగానే మరిచిపోయిందేమో. అన్నవాళ్ళకు గుర్తుండదు కాబోలు.

లేచి వెళ్తూ తలుపు దగ్గర అంది: ‘ఊళ్ళో రెండు పొగలు మిగిలాం. ఒకటి ఆరిపోతే రెండోదాన్ని ఎవరు చూస్తారో ఆలోచించుకో.’

ఆలోచించాను. ఆవిడ నాకు చుట్టం కాదు. స్నేహమని కూడా అనలేను. కానీ పోయిన చలికాలం జ్వరంతో నేను లేవలేకపోతే పొగ లేదని చూసి మంచులో వచ్చింది ఆవిడే. నువ్వు కాదు. నువ్వు అప్పుడు ఎవారిస్తోకి కాఫీ ఇస్తున్నావు.

ఇంకో మాట కూడా రాసేస్తాను, మళ్ళీ రాయలేను. ఆ చట్టం గురించి చదివినప్పుడు నాకు సంతోషం కలగలేదు. కడుపు మండింది. ఇప్పుడు చేశారా? ఇన్నాళ్ళకా? అతన్ని ఒక పొద్దున అన్నారు. లాయరమ్మ వచ్చింది, పోలీసులు వచ్చారు, జడ్జి కూర్చుంటాడు, నా చెల్లెలు కూజా విసిరింది. మనల్ని ఏళ్ళ తరబడి అన్నారు. ఎవరు వచ్చారు? మన నాన్న కోసం ఏ చట్టంలో ఏ మాట చేర్చారు?

కోటు అతనిదే, చెల్లెలు అతనిదే, చట్టం కూడా అతనిదేనా?

నా కోసం ఎప్పుడూ తెరవని నోరు అతని కోసం తెరవమంటున్నావు. తెరవను.

సతూరియో


సరగోసా,
జనవరి

అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు నీ మీద మండిపడ్డాను. తర్వాత ‘మనల్ని ఏళ్ళ తరబడి అన్నారు’ అన్న దగ్గర ఆగిపోయాను. మనల్నా? నాకు ఎవరూ చెప్పలేదు. అత్తయ్య నన్ను చదువు కోసం తెచ్చుకుందనే అనుకుంటూ వచ్చాను.

ఎవారిస్తోకి దవడ తీగలు తీశారు. నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. ఇప్పుడు పగలు మా ఇంట్లో, రాత్రి చర్చి వాళ్ళ ఆశ్రమంలో. నీ ఉత్తరం అతనికి చదివి వినిపించలేదు. కానీ మా అన్నయ్యకు ఆ మాట తెలుసు, చెప్పనంటున్నాడు అన్నాను. నీ మీద నాలుగు మాటలు ఎక్కువే అన్నాను. మొండివాడన్నాను. అసూయపరుడన్నాను.

అతను చేతిలో కప్పు కింద పెట్టాడు. తర్వాత అన్నాడు: ‘ఆయన్ని వదిలెయ్యండి దొమితీలా గారూ. ఆ మాటకు అర్థం నాకు తెలియదు. కానీ దాన్ని నోటితో చెప్పలేకపోతున్నాడంటే, ఆయన దాన్ని చెవులతో విన్నవాడై ఉంటాడు. నేనైతే నా పేరు చెప్పమన్నా చెప్పలేకపోయేవాణ్ణి కొన్నాళ్ళు. శిక్ష తగ్గితే తగ్గనివ్వండి. పెద్దాయన్ని ఏడిపించకండి.’

ఇంకొకటి. కోటు ఇప్పుడు కోర్టు వాళ్ళ దగ్గర ఉంది, సాక్ష్యం కింద. అది నువ్వు అడిగావని చెప్పాను. తిరిగి ఇచ్చాక నీకు పంపమన్నాడు. ‘నాకు తెలిసి ఉంటే వేసుకునేవాణ్ణే కాదు’ అన్నాడు.

ఇక నేను అడగను.

దొమితీలా


వాల్‌దెకొర్జా,
ఫిబ్రవరి

దొమితీలాకు,

ఆ మనిషికి నా సంగతి ఎలా తెలిసింది? నువ్వు నా తోబుట్టువువి. నీకు తెలియలేదు. నన్ను ఎన్నడూ చూడని వాడికి తెలిసింది. ఇది కూడా అతనికే దక్కిందా అని మొదట కోపం వచ్చింది. తర్వాత గొర్రెల దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను.

సరే. విను.

ఆ మాటను విడగొట్టు. సిన్. ఊమో. పొగ లేనివాడు. ఊమోకి ముందు ఆచే ఉంటుంది, పలకని అక్షరం. పోలీసులు అది రాయలేదు కాబట్టి మనిషి పేరులా కనిపించింది. వాళ్ళ లాయరు పొగ అన్నది సరే. కానీ అది సిగరెట్టు పొగ కాదు.

మన ఊళ్ళో ఇంటిని లెక్కపెట్టేది పొగగొట్టంతో. శీతాకాలం ముందు ఊరి అడవిలో కట్టెల వాటాలు పంచేవారు. పొగకొక వాటా. దండోరా వేసేవాడు ఒక్కో ఇంటి పేరూ పిలిచేవాడు. నాన్న వేరే ఊరి నుంచి కూలికి వచ్చిన గొర్రెలకాపరి. ఇల్లు లేదు. కొండ మీద కాపరుల రాతిగుడిసెలో ఉండేవాళ్ళం. దానికి పొగగొట్టం లేదు. పొగ తలుపులోంచే పోవాలి. కాబట్టి మనకు వాటా లేదు. పంపకం రోజున నాన్న నన్ను తీసుకుని చివర నిలబడేవాడు, ఎవరైనా కొమ్మా రెమ్మా వదిలేస్తే ఏరుకోవడానికి. అప్పుడు పిల్లలు చుట్టూ చేరేవారు. సినూమో, సినూమో. పెద్దవాళ్ళు ఆపేవారు కాదు. పేడ విసిరేవారు, రాళ్ళు కూడా. ఇల్లు లేనివాడు ఊరివాడు కాడు, వాణ్ణి ఏమన్నా ఎవరూ అడగరు అని ఆ మాటకు అర్థం. కాసిల్దా అక్క గొంతు అందరిలోకీ గట్టిది.

నీకు ఒక చలికాలం ఊపిరాడలేదు. గుడిసెలో పొగ. నీ కోసమే అత్తయ్య వచ్చింది. నువ్వు వెళ్ళిన చాలా ఏళ్ళకు నాన్న ఈ కూలిన ఇల్లు సంపాదించి కప్పు వేశాడు. మొదటి నిప్పు పెట్టిన రోజు లోపలికి రాలేదు. ఆ కోటు వేసుకుని వీధిలో నిలబడి పొగగొట్టం వైపే చూశాడు. చీకటి పడేదాకా. అందుకే ఆ కోటు అడిగాను.

వస్తాను. అతని కోసం కాదు. ఎవరి కోసమో నాకూ తెలియదు. ఏ బస్సో రాయి. మంచి చొక్కా ఒకటుంది, మెడ దగ్గర నలిగింది. జడ్జి దగ్గర టోపీ తియ్యాలా?

సతూరియో


సరగోసా,
మార్చి చివర

అన్నయ్యకు,

ఇంత దూరం వచ్చి భోజనం చెయ్యకుండా మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయిన మనిషిని ఏమనాలి? నీ కోసం గొర్రెపిల్ల మాంసం కాల్చాను. చివరికి నేనూ ఎవారిస్తోనూ తిన్నాం. ఇది చదివి నీకు మండాలి.

నా సాక్ష్యం అవగానే కళ్ళు తిరగడం, అరాంచా నన్ను కిందికి పంపేయడం నా కర్మ. ఒక్కగానొక్క అన్న మాట్లాడిన రోజున నేను వినలేకపోయాను. నువ్వేం చెప్పావని అరాంచాను అడిగితే, ‘అది ఆయన్నే అడగండి’ అంది. ఎవారిస్తోని అడిగితే తల తిప్పుకున్నాడు.

తీర్పు వచ్చింది. జడ్జి ఒప్పుకున్నాడు. నెస్తోర్ ఆ మనిషిని కొట్టింది సిగరెట్టు కోసం కాదు, ఇల్లు లేనివాడన్న ఏవగింపుతోనే అని రాశాడు. శిక్ష పెరిగింది. వాళ్ళు పై కోర్టుకు పోతారట, పోనీ. అరాంచా ఆ భాగం నాకు చదివి వినిపించింది. అందులో ఆ మాట ఉంది. ఈసారి రెండు ముక్కలుగా, ఆ పలకని అక్షరంతో సహా.

ఏం జరిగిందో రాయి. ఊరికే ‘గొర్రెలు బాగున్నాయి’ అని రాశావంటే నేనే బస్సెక్కి వస్తాను.

నీ చెల్లెలు,
దొమితీలా


వాల్‌దెకొర్జా,
ఏప్రిల్

చెల్లెమ్మకు,

గొర్రెలు బాగున్నాయి. రెండు ఈనాయి. నువ్వు బస్సెక్కుతావని రాశాను.

కోర్టు సంగతి. నువ్వు లోపల ఉన్నప్పుడు నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ఎవారిస్తో వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను జరిగాను. అతను బత్తాయి వలిచి సగం నా ముందు పెట్టాడు. నేను తీసుకోలేదు. ‘దొమితీలా గారు ఇచ్చారు, ఇద్దరికీ అని’ అన్నాడు. అప్పుడు తీసుకున్నాను. నా సగం చిన్నది. చూశాను.

కాసిల్దా అక్క ఎదుటి బల్ల మీద కొడుకుతో ఉంది. నన్ను పిలిచినప్పుడు లేచాను. ఆవిడ కూడా లేచింది. దగ్గరగా వచ్చి, ఎవరికీ వినపడనంత మెల్లగా అంది: ‘పో. సినూమోగా వచ్చావు, సినూమోగానే పోతావు.’

మరిచిపోలేదు ఆవిడ. అర్థం కూడా బాగానే తెలుసు.

ఇది జడ్జికి చెప్పలేదు. ఎవారిస్తో పక్కనే ఉన్నాడు, విన్నాడేమో. నీకే రాస్తున్నాను.

లోపల చాలామంది. బల్ల మీద కోటు, పారదర్శకమైన సంచిలో. కాలరు దగ్గర అమ్మ వేసిన మాసిక అలాగే ఉంది. చేతి మీద గోధుమరంగు మరక. వాళ్ళు ఏదో అడిగారు. నాకు మాట రాలేదు. జడ్జి మంచివాడు, ‘తొందర లేదు తాతగారూ’ అన్నాడు. ఆ తర్వాత ఎలాగో చెప్పాను. పొగ, వాటా, గుడిసె. నువ్వు చదివిందే, ఇంకా తక్కువ మాటల్లో. వాళ్ళ లాయరు లేచి, ‘పిల్లల ఆటే కదా ఇది, దీంట్లో ద్వేషం ఉందని మీకెలా తెలుసు?’ అన్నాడు.

నేను, ‘నన్ను అనేవారు’ అన్నాను.

వినపడలేదన్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. ఈసారి గట్టిగానే వచ్చినట్టుంది.  చెవులు వేడెక్కాయి. రాసుకునే ఆమె ఆ మాట ఎలా రాయాలని అడిగింది. కాగితం ఇచ్చింది. రాశాను. ఆచే ముందు ఆగాను. తర్వాత పెట్టాను. తప్పో ఒప్పో అప్పుడు తెలియలేదు. తీర్పులో ఉందని నువ్వు రాశాక తెలిసింది.

చివర్లో ఆ లాయరు కోటు చూపించి, అది మీ తండ్రిగారిదట కదా, అందుకే ఈ కేసులో మీకు పట్టుదల అన్నాడు. కోటు ఎవరిదని జడ్జి అడిగాడు. నాదని అనడానికే నోరు తెరిచాను దొమితీలా. నిజం. తెరిచాక ఎవారిస్తో కనిపించాడు. నా వెనకే లోపలికి వచ్చి చివరి బల్ల చివర కూర్చున్నాడు, పంపకం రోజున నాన్న నిలబడ్డట్టు. చోటు ఉన్నా మధ్యలోకి రాకుండా.

‘అతనిది’ అన్నాను.

బయటికొచ్చాక ఏడుపు వచ్చేలా ఉంది. అందుకని బస్సెక్కాను. మాంసం కాల్చావని అప్పుడు తెలియదు.

ఇక్కడి సంగతి. తిరిగొచ్చిన రోజు నుంచి ఎదురింట పొగ లేదు. కొడుకు వచ్చి కాసిల్దా అక్కను సొరియా పట్నానికి తీసుకుపోయాడు. తాళం వేశారు. ఆవిడ గిన్నె ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. కడిగి పెట్టాను. పొద్దున్నే అలవాటుగా కిటికీ దగ్గరికి వెళ్తాను. చూడటానికి ఏమీ ఉండదు. నా పొగ లేస్తుంది. లేచిందని ఎవరికి తెలుస్తుంది?

ఇందుకోసమే ఈ ఉత్తరం. బడి పక్కన మాస్టారి ఇల్లు ఖాళీ, నా కిటికీలోంచి కనిపిస్తుంది. కిందికి దిగివెళ్ళి ఊరిపెద్దను అడిగాను. అడిగాను, నేనే, నోటితో. తాళంచెవి ఇచ్చాడు. కప్పు కురవదు. పొగగొట్టంలో పిచ్చుకల గూళ్ళు ఉంటే తీసేశాను. నిప్పు పెట్టి చూశాను, బాగా లాగుతోంది. పొగ ఉంటే శరదృతువులో కట్టెల వాటా అతనికి కూడా వస్తుంది. పేరు పెట్టి పిలుస్తారు.

ఎవారిస్తోని అడుగు. దయ అనుకోవద్దని చెప్పు. ఎదురుగా ఒక పొగ ఉండటం నాకు అవసరం. నాది చూసే మనిషి కూడా కావాలి. పావురాలు ఇక్కడా ఉన్నాయి. కోటు కోర్టు నుంచి వచ్చాక వేసుకునే రమ్మను, అతనిదే. బాగా మంచు పడి నేను గొర్రెల కోసం కొండెక్కే రోజున మాత్రం అరువివ్వాలి. అది ముందే మాట్లాడుకోవడం మంచిది.

నా కోసం మూడు వేసవులుగా రాలేదు నువ్వు. అతన్ని చూడటానికైనా వస్తావు. అది నాకు తెలుసు, తెలిసే పిలుస్తున్నాను. రా. గొర్రెల పేర్లు చెబుతాను.

కళ్ళజోడు దారం మళ్ళీ ఊడింది, ఇక గీతలు కనిపించడం లేదు. అతను వస్తానన్నాడో లేదో, అది మొదటి వరుసలోనే రాసి వెంటనే పంపు. మిగతా కబుర్లు తర్వాత రాయొచ్చు.

నీ అన్న,
సతూరియో